సవరణ: 1915 నంబరు గురించి నేను రాసింది సగమే నిజం

మొన్న "కారులో ఏ లోపమున్నా 1915కి ఫోన్ చేస్తే చాలు" అని రాశాను. తప్పు. అది వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు ఎక్కువేశారు, సర్వీసు సరిగా చేయలేదు లాంటి గొడవలకు పనికొస్తుంది. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల్లో తయారీ లోపం ఉంటే దారి వేరు: కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్లో రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం) ఫిర్యాదు పెట్టాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధనలు అమల్లో ఉన్నాయి, ఏడేళ్లలోపు బండ్లకే.

ఇంకోటి. ఆర్‌సీ మారిస్తే కారులోని మన వివరాలు కూడా పోయినట్టే అన్నాను. నెల్లూరులో సెకండ్‌హ్యాండ్ కారు కొన్న మా కావలి బావ నవ్వాడు. స్క్రీన్ మీద పాత ఓనరు కాంటాక్టులు, ఇంటి అడ్రసుతో సహా, అలాగే ఉన్నాయట! అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ (స్క్రీన్‌లో దాచినవన్నీ చెరిపేయడం) మనమే చేసుకోవాలి.