ఎర్రపాల చార

1995 సెప్టెంబరు 21, గురువారం. ఢిల్లీలో తెల్లవారుజామున వినాయకుడు పాలు తాగాడన్న వార్త ఆ రోజే లండన్ సౌత్‌హాల్ గుడి దాకా పాకింది. అమెరికా, కెనడా గుళ్లలోనూ జనం పాలు పట్టుకుని బారులు తీరారు. చవితి వచ్చినప్పుడల్లా మనవాళ్లలో ఎవరో ఒకరు ఆ కబురు ఎత్తుతారు. ఈసారి తెలుగు బడిలో ఒక పాప అడిగింది, "ఆంటీ, నిజంగా తాగాడా?"

చేసే చూద్దామన్నాను. మా ఇంటి ఇత్తడి వినాయకుడి ముందు కూర్చున్నాం. చెంచా నిండా పాలు, అందులో చిటికెడు కుంకుమ. తొండానికి ఆనించి కాస్త వంచితే పాలు తగ్గాయి. కానీ తొండం కింద నుంచి బొజ్జ మీదుగా పీట దాకా సన్నటి ఎర్రటి చార. అప్పట్లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలతో చూపించిందీ ఇదే. తలతన్యత, అంటే ద్రవం పైభాగం సాగదీసిన పొరలా బిగిసి ఉండే గుణం, దానివల్ల పాలు చెంచా అంచు దాటి విగ్రహాన్ని అంటుకుంటాయి, పల్చటి పొరలా కిందికి జారిపోతాయి. తెల్లరాతి మీద తెల్లపాలు కంటికి ఆనవు. పాప ఆ చెంచాని స్టీలు గ్లాసుకి ఆనించింది. గ్లాసూ తాగింది.

నాకు దేవుడంటే నమ్మకం. రోజూ దీపం పెడతాను. అయినా మహిమని కారణంగా ఒప్పుకోలేను. తాగితే మహిమ, తాగకపోతే మన భక్తిలో లోపం అంటాం. ఏం జరిగినా సరిపోయే జవాబుతో మనకి కొత్తగా తెలిసేదేముంది? ఆ ఎర్రచార కనబడకపోయి ఉంటే తలతన్యత మాట తప్పని అక్కడికక్కడే తేలిపోయేది.

సైన్సుకి అన్నీ తెలుసా అంటారు. తెలియవు. తెలియదని ఒప్పుకుంటే రేపు ఎవరో ఒకరు వెతుకుతారు. మహిమ అనేశాక ఇంక వెతికేదెవరు?

మా తమ్ముడు ఐసీయూలో ఉన్నప్పుడు డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. పదకొండో రోజు కళ్లు తెరిచాడు. అమ్మ తిరుపతి మొక్కు తీర్చుకుంది, పక్కన నేనూ ఉన్నాను, ఏడ్చాను కూడా. కానీ వాడెలా బతికాడని అడిగితే మందులు, రాత్రంతా కూర్చున్న నర్సులు, ఇంకా మాకు తెలియనిదేదో అని చెబుతాను. ఎందుకంటే అదే వారం పక్క మంచం మీది కుర్రాడు పోయాడు. వాళ్లమ్మ కూడా అదే వెంకన్నకి మొక్కుకుంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మా వాడికెందుకు జరగలేదమ్మా?" అని అడిగింది.