ఒక్కరోజుకు మహాబలిపురమా?

కడపలో ఒక పొదుపు సంఘం ఆడవాళ్లు ఫిబ్రవరిలో ఏదో ఒక ఆదివారం మహాబలిపురం పోయి రావాలనుకున్నారు. శనివారం రాత్రి కోటిరెడ్డి సర్కిల్లో బస్సెక్కడం, తెల్లవారేసరికి సముద్రం, మధ్యాహ్నం మూడుకల్లా తిరుగుముఖం. ఈ ప్లాను వేసిన అక్కకూ, చెన్నైలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చిన ఆమె తమ్ముడికీ నడిచిన వాదన ఇది. నేను అక్క పక్షమని ముందే చెప్పేస్తున్నా.

తమ్ముడు: మహాబలిపురం ఏమన్నా పుష్పగిరి అనుకున్నావా అక్కా, ఇట్లా పోయి అట్లా రావడానికి? పోను 300 కిలోమీటర్ల పైనే, రాను అంతే. బస్సులో నడుములు విరగ్గొట్టుకుని చూసేదేముంది? ఉంటే రెండు రోజులుండండి, లేదంటే మానుకోండి.

అక్క: రెండు రోజులు ఆడమనిషిని పంపే ఇళ్లు మా సంఘంలో ఎన్నున్నాయో చెప్పు.

తమ్ముడు: మరి గండికోటకు పోండి. జమ్మలమడుగు దాటితే వచ్చేస్తుంది. పెన్న లోయ, మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, అన్నీ ఉన్నాయి.

అక్క: చూసినాం. సముద్రం లేదు కదా.

తమ్ముడు: సముద్రమే కావాలంటే నెల్లూరు దగ్గర మైపాడు ఉంది. దూరం కూడా బాగా తగ్గుతుంది.

అక్క: బాగుంది. రాళ్లకు ఒక టూరు, నీళ్లకు ఒక టూరు! రెండుసార్లు ఎవరు పంపుతారబ్బీ?

తమ్ముడు: చూడాలంటే తీరిక ఉండాలి. పంచరథాలని రథాల్లాంటి ఐదు రాతిగుళ్లున్నాయి, ఏడో శతాబ్దం నాటివి. మామల్లుడని పేరున్న పల్లవ రాజు మొదటి నరసింహవర్మ కాలంలో చెక్కినవంటారు. కట్టినవి కావు, కొండరాతిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారు. పూర్తికాకుండానే వదిలేశారు, భీమ రథం కింది భాగంలో రాయి మొరటుగా అట్లాగే ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న తీరాలయం తర్వాతిది, రాజసింహుడనే ఇంకో పల్లవ రాజుది. ఆ గుడి ప్రహరీ మీద నందులు వరసగా కూర్చుని ఉంటాయి. ఉప్పుగాలికి వాటి మొహాలు కరిగిపోయాయి.

అక్క: కరిగిపోతున్నాయంటూనే తర్వాత పోదామంటావు!

తమ్ముడు: నవ్వులాట కాదక్కా. 1984లో యునెస్కో గుర్తించిన చోటు. మీవాళ్లు పోయి, కొండ వాలు మీద నిలిచిన వెన్నముద్ద బండనే పెద్ద గుండును చేత్తో మోస్తున్నట్టు ఫొటోలు దిగి, గవ్వల దండలు కొనుక్కుని వస్తారు. దానికి 600 కిలోమీటర్లా?

అక్క: దిగితే దిగుతారు. నీ ఫేస్‌బుక్‌లో ఆ ఫొటో నేను చూడలేదనుకున్నావా? నేను ఆ ఊరు ఒకసారి పోయినా. పిల్లోళ్ల స్కూలు టూరులో వంటకు తోడుగా తీసుకుపోయినారు. అన్నం వార్చి, దించి, గంట ఖాళీ దొరికింది. అంతే. కొండ దగ్గర కృష్ణ మండపం ఉంది చూడు, గోవర్ధనగిరి ఎత్తేది. అందులో ఒకాయన గొంతుక్కూచుని ఆవుకు పాలు పితుకుతుంటాడు. ఆవు తల వంచి దూడను నాకుతుంటుంది. పితికేటప్పుడు దూడను ముందర ఎందుకు కట్టాలో ఆ చెక్కినాయనకు తెలుసు, మా సంఘంలో ఎనుములున్న వాళ్లకూ తెలుసు. ఏడో శతాబ్దమని చెప్పకపోయినా వాళ్లకు ఆ రాయి అర్థమవుతుంది. ఆ పక్కనే అర్జునుడి తపస్సు బండ. ఏనుగుల దగ్గర ఒక పిల్లి ముందుకాళ్లు తలపైకెత్తి దొంగతపస్సు చేస్తుంటుంది, కింద ఎలుకలు. దాన్ని చూడగానే మా సంఘం డబ్బు తినేసిపోయిన పెద్దమనిషి గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నా. గంటలో చూసిందే ఇది. తీరిక, తీరిక అంటావు. ఆ తీరిక మాకు ఎవరిస్తారు? రాత్రి బస అంటే ఇంట్లో వంద ప్రశ్నలు. ఆదివారం రాత్రికి ఇంట్లో ఉంటామంటే సరే పోండి అంటారు. సోమవారం పొద్దున అత్తకు మాత్ర వేయాలి, పిల్లోనికి క్యారియర్ కట్టాలి. మీరు రెండు రోజుల లెక్క పెట్టుకుంటే మేము ఈ జన్మకు పోము.

తమ్ముడు: సరే, నువ్వన్నదంతా ఒప్పుకుంటా. డ్రైవరు సంగతి చెప్పు. శనివారం రాత్రంతా నడిపి, పగలు ఎండలో బస్సులోనే కునికి, మళ్లీ సాయంత్రం స్టీరింగ్ పట్టుకుంటాడు. నీ సోమవారం మాత్ర అతని కంటి మీద రెప్ప మీద ఆధారపడి ఉంది. ఇంకోటి, అక్కడి అలలు వెనక్కి లాగుతాయి. సముద్రం ఎరగని మనవాళ్లు చీరలతో దిగుతారు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లు కూడా లేవలేరు.

(ఇక్కడ అక్క చాలాసేపు మాట్లాడలేదు. తమ్ముడు అక్కడితో ఆపి ఉంటే గెలిచేవాడేమో.)

తమ్ముడు: పైగా పులిహోర, పెరుగన్నం మోసుకుపోతారంట. శనివారమంతా పొయ్యి దగ్గరే. హోటల్లో తింటే ఏం పోతుంది?

అక్క: హోటలా! తిరుపతి పెళ్లికి పోయినప్పుడు నువ్వు దింపిన హోటల్లో గంట కూర్చోబెట్టి చల్లారిన ఇడ్లీ పెట్టినారు. సాంబారు తీపి.

తమ్ముడు: తీపి సాంబారు బెంగళూరు వైపు. చెన్నైది అట్లా ఉండదు.

అక్క: ఏదైతేనేం, కారం లేదు. మీ మామ మూడు రోజులు సణిగినాడు.

తమ్ముడు: మామ ఇంట్లో అన్నానికీ సణుగుతాడు.

అక్క: ఆయన జోలికి రాకు.

తమ్ముడు: సరే, రాను. ఇద్దరు డ్రైవర్లుండాలి. నీళ్లలో మోకాలు దాటి ఎవరూ పోకూడదు. ఈ రెండింటికీ ఒప్పుకుంటే బస్సు నేనే మాట్లాడతా.

అక్క: మోకాలు కూడా వద్దు, పాదాలు తడిస్తే చాలు. రెండో డ్రైవరు ఖర్చు తలా ఇంత వేసుకుంటాం. నువ్వు కూడా రా, ఆ మొరటు రాయి చూపిద్దువు.

తమ్ముడు: ఆదివారమా? ఆ రోజు మాకు మ్యాచ్ ఉంటుందక్కా.

అక్క: రెండు రోజులైతే వచ్చేవాడివా?