మహారాజశ్రీ కొవిడ్ టీకా మూడో డోసు గారికి

తిరుపతి నుంచి ఒక యూనివర్సిటీ అధ్యాపకుడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా తమ పేరు సంగతి. ఢిల్లీవాళ్ళు తమకి ప్రికాషన్ డోసు అని నామకరణం చేశారు. పత్రికలవాళ్ళు ముందు జాగ్రత్త డోసు అన్నారు. లోకమంతా బూస్టర్ అంది. మా డిపార్టుమెంటు అటెండరు మాత్రం 'బూస్టు సూది' అనేవాడు, పాలల్లో కలుపుకొని తాగేదేమో అన్నట్టు. ఇన్ని పేర్లున్న మనిషికి రేషన్ కార్డు కూడా రాదండీ. ఇక తమని గుర్తుపట్టేదెవరు?

తమ అన్నలిద్దరికీ ఈ ఊళ్ళో జరిగిన మర్యాద తమకి తెలిసే ఉంటుంది. 2021 వేసవిలో తెల్లవారుజామున చెప్పులు వరసలో పెట్టి టోకెన్ల కోసం కాచుకున్నాం. పీహెచ్‌డీలు చేసినవాళ్ళం, 'మావాడే, కాస్త చూడండి' అని ఎవరెవరి చేతో ఫోన్లు చేయించుకున్నాం. అప్పటికీ లొంగని మొండివాళ్ళు కొందరు మిగిలిపోయారు. ఆ సెప్టెంబరులో, దర్శనానికి వచ్చేవాళ్ళు రెండు డోసుల సర్టిఫికెట్ గానీ, 72 గంటల లోపు చేయించుకున్న నెగటివ్ రిపోర్టు గానీ తేవాలని టీటీడీ అంది. అంతే, మొండివాళ్ళు కూడా చొక్కా చెయ్యి మడుచుకుంటూ వచ్చేశారు. సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించి పర్సులో ఒకటి, దేవుడి పటం వెనక ఒకటి పెట్టుకున్నారు. రోగానికి వెరవనివాడు కూడా అలిపిరి చెకింగ్‌కి వెరుస్తాడని మాకు అప్పుడే అర్థమైంది.

తమరు వచ్చిన వేళ అలాంటిది కాదు. 2022 జనవరి 10న వైద్య సిబ్బందికీ, ఫ్రంట్‌లైన్ వాళ్ళకీ, జబ్బులున్న పెద్దవాళ్ళకీ మొదలుపెట్టారు. ఏప్రిల్ 10న పద్దెనిమిది నిండిన అందరికీ అన్నారు, కానీ ప్రైవేటులో, డబ్బు కట్టి. మా తిరుపతి జిల్లా చిత్తూరు నుంచి విడిపడి అప్పటికి ఆరు రోజులు. కలెక్టరాఫీసు ఎక్కడ, మా ఊరు ఏ డివిజన్ అనే గొడవలో మేముంటే తమరు వచ్చి తలుపు తట్టారు. ముందురోజే కోవిషీల్డ్ ధర 600 నుంచి 225కి దిగింది. సర్వీసు చార్జీ 150, పైన పన్ను, అంతా కలిపి 386 రూపాయలు. "మొదటి రెండు నెలలు ఫ్రీ అని చెప్పి మూడో నెల బిల్లు పంపే నెట్ కనెక్షన్ వాడి పద్ధతి ఇది" అని మా ఆచార్యులొకరు మండిపడ్డారు. ఆయన జీతం ఎంతో ఇక్కడ రాయను, బాగుండదు.

సరే, జులై 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ప్రభుత్వ కేంద్రాల్లో ఊరికే వేస్తామన్నారు. అప్పటికి దేశంలో 18 నుంచి 59 ఏళ్ళ లోపువాళ్ళు 77 కోట్ల మంది ఉంటే, తమని వేయించుకున్నవాళ్ళు ఒక శాతం కూడా లేరు. నేనూ మిగతా తొంభై తొమ్మిది శాతంలో ఉన్నవాణ్ణే. రేపు, ఎల్లుండి, ఇంటర్నల్స్ అయ్యాక, వాల్యుయేషన్ అయ్యాక అనుకుంటూ సరిగ్గా ఆఖరి రోజు, సెప్టెంబరు 30 శుక్రవారం, పొద్దున పదకొండింటికి కేంద్రానికి పోయాను. అక్కడ నర్సమ్మా, ఒక కుక్కా తప్ప ఎవరూ లేరు.

"ఒక్కరే వచ్చినారా సార్?" అని అడిగింది, పెళ్ళికి బంధువుల్ని వెంటబెట్టుకు రానట్టు. "కోవిషీల్డ్ వయల్‌లో పది డోసులుంటాయి. తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాల. పదిమందిని పిలుచుకొస్తే తెరుస్తా."

అలా మొదలైంది నా పదిమంది వేట. మా క్యాంపస్‌లో పదిమందికి తక్కువా? కొండ కింద ఎటు చూసినా యూనివర్సిటీలున్న ఊరు ఇది.

మొదట జీవరసాయన శాస్త్రం ఆచార్యుల దగ్గరికి పోయాను. లాక్‌డౌన్‌లో రోగనిరోధక శక్తి మీద ఆయన ఇచ్చిన వెబినార్లు విని మా ఆవిడ ఇంటికి నిమ్మకాయలు బస్తాల్లో తెప్పించింది. "యాంటీబాడీలు తగ్గితే తగ్గనీ నాయనా, వైరస్‌ని గుర్తుపెట్టుకునే మెమరీ సెల్స్ ఉంటాయి. పైగా ఇది 2020 నాటి వైరస్‌ని చూసి చేసిన టీకా. ఇప్పుడు నడిచేది ఒమిక్రాన్ కదా!" అన్నారు. రెండు మాటలూ నిజమే, కాదనలేను. మా గంగజాతరలో రోజుకో వేషం కట్టేది, దుర్మార్గుడైన పాలెగాణ్ణి వేషాలు మార్చి వెతికిన అమ్మవారి కోసం. ఇక్కడ వేషాలు మార్చింది పాలెగాడు, తమ చేతిలో ఉన్నది వాడి పాత ఫోటో. అయినా ముక్కూ కళ్ళూ పోల్చుకోవడానికి ఆ ఫోటో కొంత పనికొస్తుంది, ముఖ్యంగా పెద్దవాళ్ళకి, సుగరున్నవాళ్ళకి. ఆచార్యులకి 58 ఏళ్ళు, సుగరు పదిహేనేళ్ళ నాటిది. ఆ రెండు ముక్కలూ ఆయన ఉపన్యాసంలో రాలేదు. పోయిన వారం గేటు రేకు గీసుకుంటే పది నిమిషాల్లో టీటీ వేయించుకున్న మనిషి ఆయన. ఏడాదిన్నర మనవడికి డీపీటీ బూస్టర్ ఏ తారీఖునో నోటికి చెప్పగలరు. గట్టిగా పట్టుకుంటే అసలు సంగతి బయటపడింది. "రేపు గరుడసేవ. చెయ్యి నొప్పెడితే గోవిందా అని చెయ్యెత్తేదెట్లా?"

అదీ నిజమే. రెండేళ్ళు గుడి లోపల ఏకాంతంగా జరిగిన బ్రహ్మోత్సవాలు మళ్ళీ మాడ వీధుల్లోకి వచ్చిన ఏడు అది. గరుడ వాహనానికి పోటీగా తమరు రావడం తమ దురదృష్టం.

గణాంక శాస్త్రం ఆయన ఇంకా నయం. "అందరూ వేసుకుంటే పోల్చి చూసేదానికి కంట్రోల్ గ్రూపు ఉండద్దా? నేనుంటా పోండి" అని త్యాగం చేశారు. ఇంకొకాయనకి మొన్న రెండు రోజులు జలుబు చేసిందట. అది కొవిడే అయ్యుంటుందని తనే తేల్చుకున్నారు. కొవిడ్ వచ్చాక మూడు నెలలు ఆగాలి కదా, అందుకని ఆగుతున్నారు. టెస్టు చేయించారా అంటే, "టెస్టుకి పోతే కొవిడ్ కాదంటే?" అన్నారు.

సంతోషంగా బయలుదేరిన ఒకాయన సగం దారిలో, తను మొదట వేసుకున్నది కోవాగ్జిన్ అని గుర్తుతెచ్చుకున్నారు. మొదటి రెండూ ఏదైతే మూడోదీ అదే కావాలనేది అప్పటి రూలు, కార్బెవాక్స్ టీకా ఒక్కదానికే మినహాయింపు. ఆయన వెనక్కి తిరిగిపోతుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది.

హాస్టల్‌కి పోయాను. దసరాకి ఊళ్ళకి పోగా మిగిలిన పిల్లలు క్యారమ్స్ ఆడుతున్నారు. "సార్, కోవిన్ సైట్‌లో మాకు ఫైనల్ సర్టిఫికెట్ వచ్చేసింది. డిగ్రీ చేతికొచ్చినాక మళ్ళా సప్లిమెంటరీ ఎవరన్నా రాస్తారా?" అన్నాడొకడు. నాకు జవాబు తట్టలేదు. రెండో డోసు కాగితం మీద ఫైనల్ అని అచ్చు వేసిన మహానుభావుణ్ణి ఈ లేఖ ద్వారా స్మరిస్తున్నాను. ఇంకొకడు ఫోన్ తీసి, జిమ్‌లో కుప్పకూలిన మనిషి వీడియో చూపించాడు. తర్వాత 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళు ఈ వయసువాళ్ళ ఆకస్మిక మరణాలనే పరిశీలించి, టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని తేల్చారు. ఆ వార్త మాత్రం నాకింతవరకూ ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. చివరికి "అటెండెన్స్ ఇస్తారా సార్?" అన్న ఇద్దర్ని, ఇస్తానని అబద్ధమాడి లాక్కొచ్చాను.

మా బ్లాకు ఊడ్చే ఆమె ఒక్క మాటతో లేచింది. "సూదేస్తే జొరమొస్తాది గదా సా? అయితే రేపు లీవు రాసిస్తారా? పిల్లోళ్ళని గరుడసేవకి పిలుచుకుపోవాల." తన వెంట ఇంకో ముగ్గుర్ని కూడా తెచ్చింది. తమరు ఇన్నాళ్ళు ప్రచారం చేసుకుంటూ ఒక్కరోజన్నా సెలవు గురించి మాట్లాడారా?

నాతో ఏడుగురం. మూడు కావస్తోంది. అప్పుడే పసుపు బట్టలు కట్టుకున్న తమిళ భక్తులు నలుగురు, తమ పెరటాసి నెల శనివారానికి కొండకి నడిచి పోయేవాళ్ళు, మంచినీళ్ళకని ఆగారు. నర్సమ్మ కళ్ళు మెరిశాయి. నా కళ్ళూ మెరిశాయి. వచ్చీరాని అరవంలో అడిగాను. వాళ్ళలో పెద్దాయన మూడు వేళ్ళు చూపించి, "మూణు ఊసియుం పోట్టాచ్చు సార్" (మూడు సూదులూ అయిపోయాయి) అని నీళ్ళు తాగి, గోవిందా అంటూ వెళ్ళిపోయాడు.

"నేనన్నా వేసుకుందును, జనవరిలోనే అయిపాయ" అంది నర్సమ్మ. కాసేపు గడియారం చూసి, కుక్కని చూసి, వయల్ తెరిచింది. మేం ఏడుగురం వేయించుకున్నాం. తమ తోబుట్టువులు ముగ్గురు అందులోనే మిగిలిపోయారు. వాళ్ళ సంగతి తమకి తెలియపరచడం నా విధి.

మర్నాడు అలవాటు కొద్దీ కొత్త సర్టిఫికెట్ ప్రింటు తీసుకుని క్యాంపస్ గేటు ముందు లామినేషన్ షాపుకి పోయాను. కుర్రవాడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది యాడ అడుగుతాండారు సార్?"

"ఎక్కడా అడగడం లేదు."

"మరింక ఇరవై రూపాయలు దండగ గదా సార్" అని మడిచి నా జేబులో పెట్టాడు.

ఇట్లు,
తమ ఏడుగురిలో ఒకడు