సర్వీసు రిజిస్టరు క్లౌడ్‌లోకి ఎక్కే ముందు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు, గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వెళ్లాయి. హద్దులు ఉత్తర్వుతో మారతాయి గానీ, ఉద్యోగి కొలువు వివరాలన్నీ రాసి ఉంచే సర్వీసు రిజిస్టరు, ఈఎల్ (ఆర్జిత సెలవుల) ఖాతా, సీనియారిటీ జాబితాలో అతని స్థానం అంత తేలిగ్గా కదలవు. ప్రభుత్వోద్యోగుల వివరాలన్నీ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా ఎక్కడినుంచైనా చూడగల సర్వర్లలో, ఒకే చోట ఉండాలనడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు కనిపించదు. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరును ముంచెత్తిన తీరు చూశాక, ఏకైక ప్రతిని బీరువాలో దాచుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

సాంకేతిక వసతి కొత్తగా పుట్టాల్సిన అవసరం లేదు. కేంద్ర ప్రభుత్వం మేఘరాజ్ పేరుతో జాతీయ క్లౌడ్‌ను 2014లోనే ప్రారంభించింది; మన ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుంచి జీతాల బిల్లులు ప్రభుత్వ ఆన్‌లైన్ ఆర్థిక నిర్వహణ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్ ద్వారానే నడుస్తున్నాయి.

అసలు చిక్కు నమోదులో ఉంది. ఏళ్ల తరబడి వేర్వేరు గుమాస్తాలు చేతిరాతతో నింపిన రిజిస్టరును ఆపరేటరు హడావిడిగా ఎక్కించినప్పుడు ఒక ఇంక్రిమెంటు జారిపోతే, ఆ లోటు చాలామందికి పింఛను ప్రతిపాదనలు పంపేటప్పుడు గానీ తెలియదు. పుట్టిన తేదీ విషయం ఇంకా సున్నితమైనది. 1984 నాటి నిబంధనల ప్రకారం ఒకసారి రిజిస్టరులో నమోదైన తేదీని రాతపొరపాటైతే తప్ప మార్చరు. అలాంటప్పుడు కాగితంలో ఒక తేదీ, తెరపై మరో తేదీ ఉంటే ఏది చెల్లుతుందో ప్రభుత్వం ముందే ఉత్తర్వులో స్పష్టం చేయాలి. లేకపోతే ఒక్క అంకె తేడాకు ఉద్యోగి కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మెడికల్ లీవు పత్రాల్లో ఉద్యోగి ఆరోగ్య వివరాలూ ఉంటాయి కనుక, ఎవరు చూశారు, ఎవరు మార్చారు, ఎవరు ఆమోదించారు అన్నది వ్యవస్థలో చెరగకుండా నమోదు కావాలి, దాన్ని ఉద్యోగి కూడా చూడగలగాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్ఫూర్తి కూడా ఇదే.

ఎక్కించిన ప్రతి పేజీ పక్కన పాత రిజిస్టరు స్కాను ఉంచి, ఉద్యోగి చదివి ఒప్పుకున్నాకే డీడీవో (జీతాల బిల్లులు పెట్టే కార్యాలయ అధికారి) ఖరారు చేయాలి. అభ్యంతరానికి గడువు పెట్టి, లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. సిగ్నలు సరిగా అందని నల్లమల అంచు మండలాల సిబ్బందికి మార్కాపురంలోనో యర్రగొండపాలెంలోనో శిబిరాలు పెట్టి, అసలు రిజిస్టర్లు ముందుంచుకుని ఈ పని పూర్తి చేయించాలి.