బిల్లే లేని చోట పన్ను కనిపించేదెలా?

సెల్‌ఫోన్ బిల్లుల్లో దాగిన పన్నుల గురించి పత్రికల్లో వచ్చేవి దాదాపు అన్నీ పోస్ట్‌పెయిడ్ వాళ్ల కష్టాలే. 449 రూపాయల ప్లాన్ అని చెప్పి చేర్చుకుంటారు, నెల తిరిగేసరికి 529 రూపాయల 82 పైసల బిల్లు వస్తుంది. గడువు దాటితే ఆలస్య రుసుము, దాని మీద మళ్లీ జీఎస్టీ. కోపం రావడం సహజమే. కానీ వాళ్లకు కనీసం బిల్లంటూ ఒకటి చేతికొస్తుంది. దేశంలో పది మందిలో తొమ్మిది మంది వాడేది ప్రీపెయిడ్. అనంతపురం జిల్లాలో ఏ పల్లెకు పోయినా ఆ పదో మనిషి దొరకడం కూడా కష్టమే.

ప్రీపెయిడ్‌కు బిల్లు రాదు. అంగట్లో 299 ఇస్తాం, లేదా యాప్‌లో కడతాం. రీఛార్జ్ అయిందని మెసేజ్ వస్తుంది. రోజుకు ఎంత డేటా, ఎన్ని ఎస్సెమ్మెస్‌లు, గడువు ఎన్నాళ్లు అన్నీ అందులో ఉంటాయి. పన్ను గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఆ 299లో 18 శాతం చొప్పున జీఎస్టీ 45 రూపాయల 61 పైసలు. కంపెనీకి చేరేది 253 రూపాయల చిల్లర. పోస్ట్‌పెయిడ్ బిల్లు కింది వరసల్లో చిన్న అక్షరాలతో ఉన్న పన్నును కళ్లద్దాలు పెట్టుకునైనా చదవొచ్చు. బిల్లే ఇవ్వని వ్యాపారంలో పన్నును ఎక్కడని వెతుకుతాం? అసలు దాగిన పన్ను ఇదీ. దీన్ని బయటపెట్టడం కంపెనీల కంటే ప్రభుత్వాలకే ఎక్కువ ఇబ్బంది అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

28 రోజుల నెల సంగతి అందరికీ తెలిసిందే. ఏడాదికి పన్నెండు రీఛార్జ్‌లతో సరిపోవాల్సింది పదమూడవుతాయి. 30 రోజుల ప్యాక్ ఒకటైనా ఉంచాలని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది, కంపెనీలు ఒకటీ అరా పెట్టాయి. జనం ఎక్కువగా వేయించుకునేవి మాత్రం ఇప్పటికీ 28 రోజులవే. పదమూడు రీఛార్జ్‌లకు 3,887 రూపాయలు. అందులో జీఎస్టీ ఒక్కటే 593 రూపాయలు.

కంపెనీ ధర పెంచినప్పుడు ఆ పన్ను ఏమవుతుందో చూస్తే అసలు విషయం బయటపడుతుంది. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచాయి. జియోలో 239 రూపాయల ప్యాక్ 299 అయింది. పాత ధరలో జీఎస్టీ 36 రూపాయల 46 పైసలు ఉండేది, కొత్త ధరలో 45 రూపాయల 61 పైసలు. అంటే ఒక్కో రీఛార్జ్ మీద ప్రభుత్వానికి అదనంగా తొమ్మిది రూపాయల పైచిలుకు. ఈ తొమ్మిది రూపాయలను ఏ బడ్జెట్‌లోనూ ప్రకటించలేదు. కేంద్రం, రాష్ట్రాలు కలిసి పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్ రేటు మార్చలేదు. అసెంబ్లీలో గానీ పార్లమెంటులో గానీ దీని మీద ఎవరూ ఓటేయలేదు. పెంచింది కంపెనీ, తిట్లు తిన్నదీ కంపెనీయే, వాటా మాత్రం ప్రభుత్వానికి దానంతట అదే పెరిగింది. టారిఫ్‌లు మార్కెట్ నిర్ణయిస్తుంది, మేం జోక్యం చేసుకోం అని ఢిల్లీ పాలకులు అంత నిబ్బరంగా చెప్పగలగడానికి ఇదొక కారణం కాదంటే నేను ఒప్పుకోను. అమరావతి కూడా ఏమీ మాట్లాడదు. ఆ 18 శాతంలో 9 శాతం కేంద్రానిది, 9 శాతం రాష్ట్రానిది. అధికార పక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేకుండా ఎవరు గద్దెనెక్కినా ఈ సగం వాటా చేతికొస్తుంది కాబట్టి దీని మీద ధర్నా చేసే పార్టీ మన దగ్గర లేదు.

ఈ పన్ను మొదలైన తీరు కూడా గుర్తుచేసుకోవాలి. మన దేశంలో సేవా పన్ను పుట్టిందే టెలిఫోన్ మీద. 1994 బడ్జెట్‌లో మన్మోహన్‌సింగ్ తొలిసారి ఆ పన్ను వేసినప్పుడు ఎంచుకున్న మూడు సేవల్లో ఫోన్ ఒకటి. రేటు 5 శాతం. అప్పట్లో ఇంట్లో ఫోన్ ఉండటమంటే కలిగిన కుటుంబమని లెక్క, కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలం. ఉన్నవాళ్ల దగ్గర కొంత తీసుకుంటే తప్పేముందని అనుకోవడంలో న్యాయం ఉంది. ఆ తర్వాత ఫోన్ కూలి మనిషి చేతికి దిగివచ్చిన కొద్దీ రేటు పైకి పోయింది. 2017 జూన్ నాటికి సెస్సులతో కలిపి 15 శాతం, జులై 1 నుంచి 18 శాతం. కలిగినవాళ్ల మీద 5, కూలివాళ్ల మీద 18. మధ్యలో ఎవరూ ఆగి ఇదేమిటని అడగలేదు.

జీఎస్టీ పోగా మిగిలిన 253 రూపాయలైనా పూర్తిగా కంపెనీది కాదు. తన రాబడి మీద (లెక్కల భాషలో సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం) 8 శాతం లైసెన్స్ ఫీజు అది ప్రభుత్వానికి కట్టాలి. మన 299లో అది సుమారు 20 రూపాయలు. కంపెనీ దాన్ని సొంత జేబులోంచి పెట్టదు, ధరలోనే కలుపుతుంది. కలిపిన ధర మీద జీఎస్టీ పడుతుంది కాబట్టి ఫీజు మీద కూడా మనం పన్ను కడుతున్నట్టే. ఆ ఎనిమిదిలో ఐదు శాతం ఒక ప్రత్యేక నిధికి పోతుంది. 2002 నుంచి యూఎస్ఓ ఫండ్ అనేవారు, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. కంపెనీలకు లాభసాటి కాని పల్లెలకు ఫోన్ సౌకర్యం తీసుకెళ్లడం దాని పని. ఉద్దేశం చాలా మంచిది. ప్రతి 299లో పన్నెండు రూపాయల పైన అందులోకి మనమే వేస్తున్నాం. వసూలైన సొమ్మును పూర్తిగా ఆ నిధికి జమ చేయలేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ పలుమార్లు ఎత్తిచూపింది. ఫోన్‌లో సరిగా మాట్లాడాలంటే మిద్దె ఎక్కాల్సిన పల్లెలు సీమలో ఇప్పటికీ ఉన్నాయి. పల్లె పేరు చెప్పి తీసుకున్న దుడ్లలో మా పల్లెకు ఎంత వచ్చిందని ఆ ఊరివాళ్లు అడగాలంటే, తాము కడుతున్నామన్న సంగతి ముందు వాళ్లకు తెలియాలి కదా.

తెలియజేయడం కష్టమేమీ కాదు. పది రూపాయల టాపప్ వేయిస్తే 7 రూపాయల 47 పైసల టాక్‌టైమ్ వస్తుంది. పన్ను ఎంత పట్టారు, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మిగిలింది ఎంత అన్నది మెసేజ్‌లో చెప్పాలని ట్రాయ్ 2012 నిబంధనల్లోనే రాసింది. పది రూపాయలకు పైసలతో సహా లెక్క చెప్పగలిగిన కంప్యూటర్ 299కి చెప్పలేదా? టాపప్‌లు వేయించుకునేవాళ్లు దాదాపు కనుమరుగయ్యారు. లెక్క చెప్పే నియమం పనిచేసే చోట జనం లేరు, జనం ఉన్న చోట ఆ నియమం లేదు. ఇన్‌వాయిస్ కావాలంటే మా యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చని కంపెనీలు అంటాయి. కీప్యాడ్ ఫోన్ పట్టుకున్న ముసలాయనకు ఆ మాట చెప్పడం దండగ.

పేమెంట్ యాప్‌లు ప్లాట్‌ఫాం ఫీజు అని రూపాయి, రెండు రూపాయలు కోసుకోవడం, అడగకుండానే కాలర్ ట్యూన్ తగిలించి బ్యాలెన్స్ గుంజడం కూడా ఉన్నాయి. అలాంటి సర్వీసులు ఆపడానికి 155223 నంబరు ఉంది, అది పనిచేస్తుంది. వాటి మీద ఇంతకంటే రాయను. అవి చిల్లర దొంగతనాలు, ఇది చట్టబద్ధమైన వసూలు.

ఎదుటివాళ్లు చెప్పేది కూడా వినాలి. ప్రపంచంలో డేటా అతి చౌకగా దొరికే దేశాల్లో మనదొకటి అంటారు, నిజమే. సబ్బుకు, టీపొడికి కూడా పన్ను ధరలోనే కలిసి ఉంటుంది కదా, ఫోన్‌కే ఎందుకీ గోల అంటారు. రోడ్లకు, ఆస్పత్రులకు ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారు. సబ్బు మాట వాళ్లే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 నుంచి ఏకంగా సున్నా అయింది. సామాన్యుడి నిత్యావసరాలకు ఊరటనిచ్చామని పండగ చేసుకున్న ఆ జాబితాలో ఫోన్ రీఛార్జ్ లేదు. బీమా ప్రీమియం కట్టే కుటుంబం నిత్యావసరం గుర్తొచ్చినవాళ్లకు రీఛార్జ్ వేయించుకునే కుటుంబం గుర్తురాలేదు.

ఇక్కడ నన్ను చాలాకాలంగా మండిస్తున్న మాట ఒకటి చెప్పాలి. టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, అనంతపురం కమలానగర్ కాఫీ హోటళ్లలో కూడా వినిపిస్తూ ఉంటుంది: పన్ను కట్టేది మేము, ఉచితాలు తినేది వాళ్లు. ఎవరు ఈ మేము? 2025-26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లు ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. అంటే నెలకు లక్ష సంపాదించే మనిషి తన సంపాదన మీద కట్టే పన్ను సున్నా. అదే 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అదీ కొలతలు సరిపోయి పూర్తి కూలి పడితేనే. బెళుగుప్పలోనో కంబదూరులోనో ఎండలో మట్టి తవ్విన ఆడమనిషి ఒక రోజు కూలి ఒక్క రీఛార్జ్‌కు సరిపోతుంది. ఏడాదికి పదమూడు రీఛార్జ్‌లంటే అప్పటి వంద రోజుల పనిలో దాదాపు పదమూడు రోజుల కూలి. అందులో పన్నుకు పోయే 593 రూపాయలు రెండు రోజుల కూలికి కాస్త తక్కువ. ఏడాదిలో రెండు రోజులు ఆమె కేవలం పన్ను కట్టడానికే గడ్డపార పడుతోంది, అదీ ఒక్క ఫోన్ మీది పన్ను. ఆమెను పట్టుకుని పన్ను కట్టని మనిషి అంటారు!

ఆ మాట అంత తేలిగ్గా అనగలగడానికి కారణం ఆమె చేతిలో బిల్లు లేకపోవడమే. ఉద్యోగికి ఫారం 16 ఉంటుంది, వ్యాపారికి చలానా ఉంటుంది. చూడండి, నేను ఇంత కట్టాను అని చూపించి, రోడ్డు ఎందుకు బాగాలేదని దబాయించి అడగ్గలరు. ఆమె పింఛన్ కోసం సచివాలయానికి పోతే దేబిరించే మనిషిలాగా నిలబడాలి. రాయలసీమకు నీళ్లు అడిగినా, రోడ్డు అడిగినా ఇదే ధోరణి. వెనకబడిన ప్రాంతం, పాపం ఏదో ఒకటి ఇద్దాం అంటారు. కరువు జిల్లా నుంచి రీఛార్జ్ రీఛార్జ్‌కూ పోతున్న 45 రూపాయలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఫోన్ వద్దనుకుంటే ఆమెకు ఈ పన్ను తప్పుతుందా? తప్పదు, ఎందుకంటే ఫోన్ వద్దనుకోనిచ్చే పరిస్థితి ప్రభుత్వమే లేకుండా చేసింది. పీఎం కిసాన్ ఈ-కేవైసీ ఆన్‌లైన్‌లో చేసుకోవాలంటే ఓటీపీ కావాలి. గ్యాస్ బుక్ చేయాలంటే ఫోన్ కావాలి. ఆధార్‌లో ఆన్‌లైన్‌లో మార్పు చేసుకోవాలంటే ముందు లింకైన నంబరు ఉండాలి. ఉపాధి పనిలో హాజరు వేసే మేట్ యాప్‌లో ఫొటో ఎక్కించాల్సిందే. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో సర్టిఫికెట్లు, బిల్లుల వంటి సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదని చెప్పారు, చాలామందికి అది నిజంగా మేలే చేసింది. కానీ ఆ వాట్సాప్‌కు డేటా కావాలి, డేటాకు రీఛార్జ్ కావాలి. గడువు తీరాక కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా బంద్ అవుతుంది, ఓటీపీ రాదు. ప్రభుత్వం తన కౌంటర్‌ను మన ఫోన్లోకి మార్చి, ఆ కౌంటర్ దగ్గరికి రావడానికి 18 శాతం వసూలు చేస్తోంది. కక్కలపల్లి మార్కెట్‌లో టమోటా బాక్సు ఎంత పలికిందో తెల్లారి కనుక్కునే రైతుకు, బెంగళూరు అపార్ట్‌మెంట్లలో కాపలా పనికి పోయిన మొగుడితో రాత్రి మాట్లాడే ఇల్లాలికి ఫోన్ విలాసమని ఎవరైనా అంటారా?

2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు విడిగా ఇవ్వాలని ఆదేశించింది, కంపెనీలు ఇచ్చాయి. వాటి మీద కూడా అదే 18 శాతం పడుతోంది. కీప్యాడ్ ఫోన్‌లో మాట్లాడే అవ్వకూ, అపరిమిత 5జీలో సినిమాలు చూసే కుర్రాడికీ ఒకే రేటు.

జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రం తరఫున కూర్చునేది ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్. ఆయన ఉరవకొండ ఎమ్మెల్యే, ఈ జిల్లా మనిషి. చెనక్కాయ పంట పోయిన ఏడాది ఈ పల్లెలు ఎట్లా ఉంటాయో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కౌన్సిల్ ఓట్లలో మూడింట రెండు వంతుల బలం రాష్ట్రాలది, కాబట్టి అంతా కేంద్రం చేతిలోనే ఉందని తప్పించుకోవడానికి వీల్లేదు. కాల్స్‌కే పరిమితమైన ప్యాక్‌ల మీద, 300 రూపాయల లోపు నెలవారీ ప్యాక్‌ల మీద జీఎస్టీని 5 శాతానికి దించాలని ఆంధ్రప్రదేశ్ తరఫున ఆయన వచ్చే సమావేశంలో ప్రతిపాదన పెట్టాలి. కేంద్రం గానీ ఇతర రాష్ట్రాలు గానీ కలిసి రాకపోతే ఎవరు అడ్డుపడ్డారో జనానికి తెలుస్తుంది. ఖజానాకు తగ్గే ఆదాయం గురించి అధికారులు భయపెడతారు, బీమా పన్ను ఎత్తేసినప్పుడూ ఆ భయం ఉంది, అయినా ఎత్తేశారు.

బిల్లు విషయానికి కౌన్సిల్ కూడా అక్కర్లేదు. టాపప్‌కు ఉన్న నియమాన్నే ప్రతి ప్యాక్‌కు వర్తింపజేస్తూ ట్రాయ్ 2012 నిబంధనలకు ఒక సవరణ తెస్తే సరిపోతుంది. కట్టింది ఎంత, అందులో కేంద్ర జీఎస్టీ ఎంత, రాష్ట్ర జీఎస్టీ ఎంత, డిజిటల్ భారత్ నిధికి ఎంత అన్నది రీఛార్జ్ మెసేజ్‌లోనే రావాలి. యాప్ లేని కీప్యాడ్ ఫోన్‌కు కూడా రావాలి, తెలుగులో రావాలి.