గడ్డి కుటుంబమైనంత మాత్రాన పంటలు కలిసిపోవు

“వరి, గోధుమ, మొక్కజొన్న అన్నీ గడ్డి కుటుంబానివే. ఒకదాని పుప్పొడి మరొకదానిపై పడితే చాలు, కొత్త ధాన్యం పుడుతుంది. నేటి గోధుమలో 42 క్రోమోజోములు ఉన్నాయంటే అది ప్రయోగశాలలో జరిగిన కల్తీయే” అని ఒక సందేశం ఫోన్లలో విపరీతంగా తిరుగుతోంది. ఇందులో మొదటి వాక్యం, 42 అనే అంకె మాత్రమే నిజం.

పుప్పొడి పడితే చాలదు. గోధుమ కంకిలోని పుంకేసరాలను ముందే తుంచేసి మొక్కజొన్న పుప్పొడిని అద్దితే ఫలదీకరణం జరిగే మాట వాస్తవమే. కానీ పిండంలో మొదటి కొన్ని కణ విభజనలు జరిగేలోపే మొక్కజొన్న క్రోమోజోములు రాలిపోతాయి. చివరికి తల్లి గోధుమ ఇచ్చిన 21 మాత్రమే మిగులుతాయి. పిండాన్ని పోషించాల్సిన పదార్థం కూడా గింజలో సరిగా ఏర్పడదు. లేత గింజను చీల్చి, ఆ పిండాన్ని సున్నితంగా తీసి పోషక ద్రవ్యంపై పెంచకపోతే అది చచ్చిపోతుంది. ఇంత శ్రమపడి పెంచిన మొక్కలోనూ మొక్కజొన్న ఆనవాలు ఉండదు. స్వచ్ఛమైన గోధుమ వంశాలను త్వరగా సాధించడానికే పరిశోధకులు ఈ పద్ధతిని వాడతారు.

క్రోమోజోముల సంఖ్య సమానమైతే కలుస్తాయా అంటే, అదీ లేదు. జొన్నకు, మొక్కజొన్నకు 20 చొప్పునే ఉన్నా పక్కపక్క చేలలో ఎన్నేళ్లు పెరిగినా అవి కలవవు.

దగ్గరి చుట్టాలైన గోధుమ, రై అనే చలిదేశాల ధాన్యం కలుస్తాయి, అదీ కష్టం మీద. 1875లో స్కాట్లండ్‌లో విల్సన్ సాధించిన సంకర మొక్క గొడ్డుబోయింది. గోధుమ నుంచి 21, రై నుంచి 7 క్రోమోజోములు వచ్చాయి. ఏ ఒక్కదానికీ సరైన జోడీ లేదు. జోడీ లేనిదే పుప్పొడి సరిగా తయారు కాదు. 1888లో జర్మనీలో రింపౌకు గింజ కట్టే సంకరం దొరికింది. క్రోమోజోములు రెట్టింపైతేనే అది సాధ్యం. గోధుమ, రై కలిసిన నేటి ట్రిటికేల్ పంట ఆ దారిలో వచ్చిందే.

ఇక ఆ 42 సంగతి. వేల ఏళ్ల క్రితం, ప్రయోగశాల అనే మాటే పుట్టకముందు, రెండు వంశాలు కలిసి పుట్టిన 28 క్రోమోజోముల ఎమ్మర్ అనే పాతకాలపు గోధుమ, 14 క్రోమోజోముల అడవి గడ్డి ఒకటి పొలంలో వాటంతట అవే కలిశాయి. చెరి సగం ఇవ్వగా వచ్చిన 21 రెట్టింపై 42 అయ్యాయి. ఆ కలయిక నిలవడానికి గోధుమలోని పీహెచ్1 అనే జన్యువు ముఖ్య కారణం. 1958లో రైలీ, చాప్‌మన్ అనే శాస్త్రవేత్తలు దాని పనితీరును వెల్లడించారు. మూడు వంశాల క్రోమోజోములు గందరగోళపడకుండా ప్రతిదీ సొంత జోడీతోనే కలిసేలా అది కాపలా కాస్తుంది. దూరపు అడవి గడ్డిలోని తెగులు నిరోధక శక్తిని గోధుమలోకి తేవాలన్నా ఆ కాపలాయే అడ్డు. అందుకే పరిశోధకులు ఆ జన్యువు పనిచేయని గోధుమ మొక్కలతో సంకరం మొదలుపెడతారు.