మంచం దిగవద్దన్న సలహా గురించి

ఐవీఎఫ్‌లో, అంటే శరీరం బయట ఫలదీకరణ చేసే చికిత్సలో, ఘనీభవింపజేసి దాచిన పిండాన్ని మొదటిసారి గర్భాశయంలోకి బదిలీ చేయించుకునేవారు ఆ తరువాత రెండు వారాలు మంచం దిగకూడదని మీరు ప్రచురించిన వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. పూర్తి విశ్రాంతి వల్ల ఫలితం మెరుగుపడుతుందని అధ్యయనాలు నిరూపించలేదు. నడిచినంత మాత్రాన పిండం జారిపోదు. పైగా కదలకుండా పడుకున్న మనిషికి ఆలోచనలు తప్ప వేరే పని ఉండదు.

అసలు సన్నద్ధత అంతా అంతకుముందే ఉంటుంది. మందులతో నడిపే సైకిల్‌లో (చికిత్స చక్రంలో) ఈస్ట్రోజెన్ హార్మోన్ మాత్రలు వాడి, గర్భాశయపు లోపలి పొర సాధారణంగా 7 మిల్లీమీటర్ల మందానికి చేరిందని స్కానింగ్‌లో చూశాకే, ఆ పొరను పిండం అతుక్కోవడానికి సిద్ధం చేసే ప్రొజెస్టెరాన్ హార్మోన్ మొదలుపెడతారు. ఫలదీకరణ తరువాత అయిదో రోజుకు ఎదిగిన పిండమైతే, దాదాపు అయిదు రోజులు ప్రొజెస్టెరాన్ అందాక బదిలీ చేస్తారు. అందువల్ల ఆ మందు వేళ తప్పకపోవడం, అత్తగారు వద్దనే బొప్పాయి ముక్క కంటే ఎంతో ముఖ్యమైన విషయం.

మనసు విషయానికి వస్తే, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచిన పిండాలను కరిగించినప్పుడు చాలావరకు బతుకుతాయి గానీ అన్నీ బతకవని దంపతులిద్దరికీ ముందే తెలిసి ఉండాలి. రొమ్ముల నొప్పి, కడుపు ఉబ్బరం, నీరసం ప్రొజెస్టెరాన్ వల్లనే రావచ్చు కనుక వాటిని బట్టి ఆశపడటమూ, అవి లేవని కుంగిపోవడమూ రెండూ అనవసరం. కొద్దిగా రక్తం కనిపించినా, గర్భం నిలిచిందో లేదో తెలిపే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా వైద్యులను అడగకుండా మందులు ఆపకూడదు. ఈ హెచ్చరికను వ్యాసంలో చేర్చవలసిందిగా సంపాదకులను కోరుతున్నాను.